రెండు ధరల ఇల్లు

మనలో ఎవరైనా ఇల్లు కొన్నారని తెలియగానే మొదట అడిగే ప్రశ్న "ఎంతకు కొన్నారు?" అని. గృహప్రవేశానికి వెళ్ళి, పులిహోర తిని, తాంబూలం పుచ్చుకుని, గుమ్మం దిగబోతూ అయినా సరే ఆ మాట అడక్కుండా వచ్చేవాళ్ళు అరుదు. అయితే దానికి జవాబు ఒకటి వుండదు, రెండుంటాయి. "బయట ఇరవయ్యారు లక్షలండీ, కాగితం మీద పద్నాలుగు" అంటాడు ఇంటాయన, ఇంటికి వీధివాకిలీ పెరటివాకిలీ వున్నంత సహజంగా. విన్నవాళ్ళు ఆశ్చర్యపోరు. ఒక్క ధరే చెప్పేవాడు తగిలితేనే ఆశ్చర్యపోతారు. "అంతా కాగితం మీదే చూపించారా? అయ్యో, స్టాంపులకు ఎంత దండగ!" అని జాలిపడతారు కూడా.

వంకాయలకు రెండు ధరలు చెబితే బజారులో పోట్లాడతాం. పాలు కొలతకు తక్కువగా పోస్తే మర్నాడు పాలవాణ్ణి మాన్పించేస్తాం. జన్మకో ఇల్లు కొనుక్కునే మధ్యతరగతివాళ్ళం, ఆ ఒక్క కొనుగోలు దగ్గర మాత్రం రెండు ధరల పద్ధతికి మారుమాట లేకుండా తల వూపుతాం. "స్థలం కొంటున్నాం, దస్తావేజులో ఎంత రాయించమంటారు?" అని ఈ పేజీకి నెలకో వుత్తరమైనా వస్తూనే వుంది. విడివిడిగా జవాబు రాసే బదులు ఈ వారం అందరికీ ఒకేసారి చెబుతాను.

అసలు దస్తావేజులో ధర ఎందుకు రాస్తారు? వంద రూపాయలూ, అంతకు పైబడి విలువ వున్న స్థిరాస్తిని అమ్మాలంటే రిజిస్టరు దస్తావేజు వుండి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. ఈ రోజుల్లో వంద రూపాయలకు పూలకుండీ పట్టేటంత చోటు కూడా రాదు గనక, అన్ని అమ్మకాలకూ వుండాలనే అర్థం. ఆ దస్తావేజు మీద సర్కారు పుచ్చుకునే సుంకం విలువను బట్టి వుంటుంది. అంచేత సుంకానికి సంబంధించిన వివరాలన్నీ పూర్తిగా, నిజంగా రాయాలని 1899 నాటి స్టాంపు చట్టం 27వ సెక్షనులో శాసించారు. సర్కారును మోసగించే వుద్దేశంతో దాచితే 64వ సెక్షను కింద అయిదు వేల రూపాయల దాకా జరిమానా. రిజిస్ట్రారు ముందు తెలిసి తెలిసి అబద్ధమాడితే 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం 82వ సెక్షను కింద ఏడేళ్ళ దాకా జైలు.

ఇదంతా పుస్తకంలో సంగతి. రిజిస్ట్రారాఫీసు దగ్గర చెట్టు కింద కూర్చున్న దస్తావేజు లేఖరి దగ్గరికి వెడితే వినిపించే మాట వేరు. "ఎంత వేయమంటారండీ?" అంటాడాయన, కాఫీలో పంచదార ఎంత వేయమంటారని అడిగినట్టు. ధర అనేది జరిగిపోయిన నిజం. దాన్ని వున్నదున్నట్టు రాయటమే పని. కాని ఆ ప్రశ్న వింటే, అది ఎవరి రుచికి తగ్గట్టు వాళ్ళు కలుపుకునేది కాబోలనిపిస్తుంది.

చట్టం పేరు చెప్పి భయపెడితే వినేవాళ్ళు తక్కువ. అందుకని లెక్కే చూద్దాం. లెక్క అంటే మనవాళ్ళకు గౌరవం.

నాకు తెలిసిన మేష్టారొకరున్నారు. హైస్కూల్లో లెక్కలే చెప్పేవారు. రిటైరయినప్పుడు చేతికి వచ్చిన సొమ్ముకు భార్య నగలమ్మిన డబ్బు కలిపి, పట్నం శివారులో రెండు వందల గజాల స్థలం కొన్నారు. ధర ఇరవయ్యారు లక్షలు. "పద్నాలుగే రాయిద్దాం మేష్టారూ, మీకూ కలిసొస్తుంది, నాకూ కలిసొస్తుంది" అన్నాడు అమ్మేవాడు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను ఫీజు అన్నీ కలిపి ఇంచుమించు నూటికి ఏడున్నర అవుతుంది. దాచిన పన్నెండు లక్షల మీద తొంభై వేలు మిగులుతుందని మేష్టారు కాగితం, కలం లేకుండానే కట్టేశారు. లెక్కలో తప్పు లేదు. పద్నాలుగు లక్షలకు చెక్కు ఇచ్చారు. మిగతా పన్నెండూ గుడ్డసంచీలో పెట్టి, ఎవరూ లేకుండా చూసి, చేతికి అందించారు.

మూడేళ్ళకు అమ్మినాయన చెల్లెలు కోర్టుకెక్కింది. ఆ స్థలం వాళ్ళ తాతల నాటి వుమ్మడి ఆస్తి. కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వుందని హిందూ వారసత్వ చట్టానికి 2005లో సవరణ వచ్చింది గదా. ఆమె సంతకం లేకుండా అన్నగారు మొత్తం అమ్మేశాడు. ఆవిడ అడిగింది అన్యాయమేమీ కాదు, తన వాటా తాను అడిగింది. సగం స్థలం ఆమెకు వెళ్ళింది. ఇక అమ్మినాయన మేష్టారికి సగం ధర తిరిగి ఇవ్వాలి. ఏ ధరలో సగం? దస్తావేజులో పద్నాలుగు లక్షలని వుంది గనక ఏడు లక్షలు. మేష్టారు నిజంగా ఇచ్చినదాంట్లో సగం పదమూడు. తేడా ఆరు లక్షలు.

"నేను ఇరవయ్యారు ఇచ్చానండీ" అన్నారు మేష్టారు ప్లీడరుతో. "ఇచ్చారు, సరే. కాగితం ఏదీ?" అన్నాడాయన. రాతలో వున్న షరతుకు విరుద్ధంగా నోటి సాక్ష్యం చెల్లదనేది పాత సూత్రం. 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం వచ్చినా ఆ సూత్రం అలాగే వుంది. పైగా బోనెక్కి ఇరవయ్యారని చెబితే, "అయితే ఆ రోజు రిజిస్ట్రారు ముందు పద్నాలుగని ఎందుకు ఒప్పుకున్నావు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. నిజం చెబితే అబద్ధమాడిన నేరం, అబద్ధం మీద నిలబడితే ఆరు లక్షల నష్టం. మేష్టారు రెండోది ఎంచుకున్నారు.

వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆయన భార్య ఒక్క మాట అడిగింది. "నా నగల డబ్బు ఏ వైపు కలిసిందండీ, కాగితం వైపా, సంచీ వైపా?" మేష్టారు జవాబు చెప్పలేదు. ఆమెకు తెలియక అడగలేదని నాకూ తెలుసు.

ఈ కథలో మనం గమనించవలసింది ఇంకొకటుంది. మేష్టారి దగ్గర నల్లడబ్బు లేదు. జీతగాడికి అదెక్కడిది? జీతం చేతికి రాకముందే పన్ను కోసుకుంటారు. అంటే ఆయనది పన్ను కట్టిన తెల్లడబ్బు. దాన్ని బ్యాంకులోంచి నోట్లుగా తీసి, సంచీలో పెట్టి, అమ్మేవాడి పన్ను తగ్గించటం కోసం తానే చేతులారా నల్లగా చేసి ఇచ్చారు. రెండు ధరల పద్ధతిలో లాభం ఎక్కువగా అమ్మేవాడిది. పూచీ మాత్రం కొనేవాడిది. "మీకూ కలిసొస్తుంది" అన్న మాటలో ఎంత నిజం వుందో ఇక్కడ చూసుకోవచ్చు.

ఏ తగాదా రాకపోయినా పర్యవసానం మాత్రం తప్పదు. ఇరవయ్యారు లక్షల స్థలానికి పద్నాలుగు రాయించుకున్న ఇంకొకాయన సంగతే అనుకోండి. కొన్నాళ్ళకు కూతురి చదువు కోసం ముప్పై లక్షలకు అమ్మాడు. ఈసారి కొనేవాడు బ్యాంకు అప్పుతో వచ్చాడు. బ్యాంకువాళ్ళు దస్తావేజు ధరను చూసే అప్పిస్తారు గనక మొత్తం రాయించాడు. నిజమైన లాభం నాలుగు లక్షలు. కాగితం ప్రకారం లాభం పదహారు లక్షలు. 2024 జూలై 23 నుంచి ఇలాంటి దీర్ఘకాలిక లాభం మీద పన్ను నూటికి పన్నెండున్నర. ఆ తేదీ తర్వాత కొన్న స్థలమైతే ధరల సూచీ ప్రకారం కొన్న ధరను పెంచుకునే వీలు కూడా లేదు. సెస్సు మాట వదిలేసినా, యాభై వేలు కట్టవలసిన చోట రెండు లక్షలు కట్టాలి. మొదట మిగిలింది తొంభై వేలు, తర్వాత అదనంగా పోయింది లక్షా యాభై వేలు. దాచిన ధర ఎక్కడికీ పోదు. చివరికి నిజం రాసినవాడి నెత్తిన పడుతుంది.

ఇంతవరకూ చెప్పింది ఎవరి నష్టం వాళ్ళది. "మా డబ్బు, మా యిష్టం" అనేవాళ్ళకు ఇప్పుడు చెప్పబోయేది ముఖ్యం.

దస్తావేజు మన బీరువాలో వుంటుంది గనక అది మన సొంత కాగితమనుకుంటాం. దాని నకలు రిజిస్ట్రారాఫీసులో ఒకటో పుస్తకంలోకి ఎక్కుతుంది. ఆ పుస్తకాన్ని ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చునని రిజిస్ట్రేషను చట్టం 57వ సెక్షనులో వుంది. మనం ఈసీ అని పిలుచుకునే రుణభార ధ్రువపత్రం తీయిస్తే అందులో మార్కెట్టు విలువా, ప్రతిఫలం విలువా పక్కపక్కనే కనిపిస్తాయి. అంటే మనం రాయించిన ధర ఆ వీధిలో, ఆ వూళ్ళో భూమి ఎంత పలుకుతోందో చెప్పే సాక్ష్యం. పక్కవాడి భూమి గురించి మనమిచ్చిన వాఙ్మూలమన్న మాట.

ఆ వాఙ్మూలం అవసరపడే రోజు వస్తుంది. వూరి పక్కనుంచి పెద్ద రోడ్డు పడుతుంది, కాలవ తవ్వుతారు, లేదా ఫ్యాక్టరీకి భూమి కావాలంటారు. అప్పుడు పరిహారం ఎలా కడతారు? ఆదిలాబాదు రెవెన్యూ డివిజను నుంచి వెళ్ళిన ఒక కేసులో 1994లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: స్టాంపు సుంకం కోసం సర్కారు రాసుకున్న విలువల రిజిస్టరు పరిహారానికి ఆధారం కాదు, నిజాయితీగా జరిగిన అమ్మకాల దస్తావేజులే ఆధారం అని. 2014 జనవరి 1న అమలులోకి వచ్చిన 2013 నాటి భూసేకరణ చట్టం రైతు పక్షాన కొంచెం మొగ్గింది. సర్కారు విలువా, చుట్టుపక్కల గడచిన మూడేళ్ళలో జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటూ, రెండూ చూసి ఏది ఎక్కువైతే అది తీసుకోవాలంది. దాని మీద నూటికి నూరు చొప్పున అదనపు పరిహారం ఇవ్వాలంది. పల్లెల్లో దూరాన్ని బట్టి ఒకటి నుంచి రెండు దాకా గుణకం కూడా వుంది.

ఎంత మంచి చట్టమైనా కాగితంలో లేని ధరను ఎక్కణ్ణించి తెస్తుంది? ఎకరం ముప్పై లక్షలు పలికే వూళ్ళో అందరూ పన్నెండు లక్షలని రాయించుకున్నారనుకోండి. సర్కారు విలువ కూడా అంతకు మించి లేదనుకోండి. గుణకం మాట పక్కన పెడితే, పన్నెండుకు పన్నెండు కలిపి ఇరవై నాలుగు వస్తుంది. నిజం రాసి వుంటే ముప్పైకి ముప్పై కలిపి అరవై. దస్తావేజులో దాచిన ఒక్కొక్క రూపాయికీ పరిహారంలో రెండు రూపాయలు తగ్గిపోయాయి. రెట్టింపు ఇస్తున్నామని సర్కారంటుంది, బజారు ధర కూడా రాలేదని రైతంటాడు. ఇద్దరూ నిజమే చెబుతారు.

ఇందులో మరీ బాధాకరమైన విషయం ఒకటుంది. ఆ వూళ్ళో పొలం అమ్మకుండా, కొనకుండా, తాత ఇచ్చిన రెండెకరాలు దున్నుకునే ఆసామీ ఒకడుంటాడు. వాడు ఏ అబద్ధమూ రాయించలేదు. సుంకం దగ్గర ఒక్క పైసా మిగుల్చుకోలేదు. అయినా వాడి పొలం విలువ పొరుగువాళ్ళు రాయించిన అంకెలే తేలుస్తాయి. తొంభై వేలు మిగిలిన ఆనందం ఒకరిది, భూమి పోయిన రోజున లోటు మరొకరిది.

ఈ జబ్బు ఇవాళ్టిది కాదు, మందులూ కొత్తవి కావు. పూర్వం దస్తావేజులో ఎంత రాస్తే దాని మీదే సుంకం. తక్కువ రాసినా రిజిస్ట్రారు చేయగలిగింది తక్కువే. 1967లో మద్రాసు రాష్ట్రం, 1971లో ఆంధ్రప్రదేశ్ స్టాంపు చట్టంలో 47ఎ అనే కొత్త సెక్షను చేర్చి, మార్కెట్టు విలువ తగ్గించి రాశారనిపిస్తే పై అధికారికి పంపే అధికారం రిజిస్ట్రారుకు ఇచ్చాయి. కేంద్రం ఇంకా గట్టి మందు ప్రయోగించింది. పాతిక వేలకు మించిన ఆస్తిని అసలు విలువకన్నా బాగా తగ్గించి రాసుకుంటే, రాసిన ధరకు పదిహేను శాతం కలిపి ఇచ్చి సర్కారే ఆ ఆస్తిని తీసేసుకునేటట్టు 1972 నవంబరు నుంచి ఆదాయపు పన్ను చట్టంలో ఏర్పాటు చేశారు. "అంతకే కొన్నావా? మంచిది, అంతకే మాకిచ్చెయ్యి" అన్నట్టు! 1986లో దాన్ని మార్చి, పెద్ద నగరాల్లో అమ్మకం పూర్తికాక ముందే సర్కారు ఆ ధరకు కొనుక్కునే పద్ధతి పెట్టారు. 2002 జూలై 1 నుంచి అదీ ఎత్తేశారు.

ఇప్పటి పద్ధతి వేరు. పట్టణ స్థలాలూ, ఇళ్ళూ సర్కారు విలువకన్నా తక్కువకు రాస్తే, నూటికి పది దాకా తేడాను ఆదాయపు పన్నువాళ్ళు వదిలేస్తారు. అది దాటితే అమ్మినవాడికి సర్కారు విలువే వచ్చినట్టు లెక్క వేస్తారు. కొన్నవాడికి తేడా అంతా ఆదాయమని లెక్క వేస్తారు. ఇక నగదు సంగతి. స్థిరాస్తి అమ్మకంలో ఇరవై వేలూ అంతకు మించీ నగదుగా పుచ్చుకోకూడదని 2015 జూన్ 1 నుంచి నిబంధన. పుచ్చుకుంటే అంతకు అంతా జరిమానా. దస్తావేజులో రెండు లక్షలూ అంతకు మించీ నగదు ఇచ్చినట్టుంటే రిజిస్ట్రార్లు ఆదాయపు పన్నుశాఖకు తెలపాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఇక్కడ సర్కారు పక్షాన మాత్రమే మాట్లాడితే న్యాయం కాదు. జనం అబద్ధమాడటానికి దారి వేసినవాళ్ళలో సర్కారూ వుంది. తెలంగాణలో 2013 తర్వాత మళ్ళీ 2021 జూలైలో గాని భూముల విలువలు సవరించలేదు. ఆ ఎనిమిదేళ్ళలో హైదరాబాదు చుట్టుపక్కల ధరలు ఎక్కడికి పోయాయో అక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. 2022 ఫిబ్రవరిలో మరోసారి సవరించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరి 1న సవరించారు. పుస్తకంలో విలువ ఒక చోట, బజారులో ధర ఒక చోట వున్నంతకాలం, ఆ మధ్య ఖాళీలో నల్లడబ్బు కాపురం పెడుతుంది. దానికి తోడు సుంకం తక్కువేమీ కాదు. యాభై లక్షల ఇంటికి మూడు లక్షల డెబ్బై అయిదు వేలు అంటే వుద్యోగస్తుడికి గుండె బరువెక్కే మాటే. విలువలు సకాలంలో సవరించి, సుంకం రేటు తగ్గిస్తే నిజం రాయటం జనానికి తేలికవుతుందని నా నమ్మకం.

దీనివల్లనే చాలామంది మనసులో ఒక అపోహ పాతుకుపోయింది. "మేం సర్కారు విలువ రాశాం గదండీ, చట్టప్రకారమే గదా!" అంటారు. కాదు. సర్కారు విలువ కింద మెట్టు మాత్రమే. అంతకన్నా తక్కువ రాస్తే ప్రశ్న వస్తుంది. ఎక్కువ ఇచ్చి వుంటే ఆ ఎక్కువే రాయాలి. మేష్టారి స్థలానికి సర్కారు విలువ పద్నాలుగు లక్షలే. రిజిస్ట్రారు ఏ అభ్యంతరమూ చెప్పలేదు. అయినా జరిగిందేమిటో చూశాం.

ఇంకొన్ని చోట్ల వ్యవహారం తలక్రిందులుగా వుంటుంది. దారి లేని స్థలం, కోర్టులో తగాదా వున్న ఇల్లు, వానాకాలం నీళ్ళు నిలిచే మడుగు. నిజంగానే సర్కారు విలువకన్నా తక్కువకు పోతాయి. అప్పుడు నిజమైన ధరే రాయించుకుని, 47ఎ కింద జిల్లా రిజిస్ట్రారుకు పంపమని అడగవచ్చు. తేడా సుంకంలో సగం ముందుగా కట్టాలి. ఆ షరతు చెల్లుతుందని 2008లో సుప్రీంకోర్టు కూడా అంది. ఆయన మన మాట విని, విచారించి అసలు విలువ తేలుస్తాడు. నచ్చకపోతే అప్పీలు వుంది. సర్కారు అంకె దారి చూపేదే గాని కడపటి మాట కాదని న్యాయస్థానాలు ఎన్నోసార్లు చెప్పాయి. తిరగటం కొంత శ్రమే. కాని అది నిజం పక్షాన పడే శ్రమ.

ఇక వుత్తరాలు రాసినవాళ్ళకు నా సలహా ఇది. బేరం కుదుర్చుకునే ముందే రిజిస్ట్రేషను శాఖవారి వెబ్‌సైటులో ఆ చోట సర్కారు విలువ చూసుకోండి. సుంకం ఎంతవుతుందో కట్టుకుని, ఇంటి ధరలో దాన్ని కూడా కలుపుకునే మీ తాహతు నిర్ణయించుకోండి. సుంకం మాట చివర్లో గుర్తుకొచ్చేవాళ్ళే రెండు ధరలకు ముందుగా లొంగుతారు. బయానా ఇచ్చేటప్పుడు అగ్రిమెంటులోనే మొత్తం ధర రాయించండి. ప్రతి చెల్లింపూ బ్యాంకు ద్వారా జరపండి. చెక్కు నంబరు, తేదీ, మొత్తం అన్నీ దస్తావేజులో ఎక్కించండి. యాభై లక్షలూ అంతకు మించిన ఆస్తి అయితే, అమ్మేవాడికి ఇచ్చే ధరలో నూటికి ఒకటి చొప్పున పట్టుకుని పన్నుశాఖకు కట్టే బాధ్యత కొనేవాళ్ళదే. 2013 జూన్ నుంచి ఈ నిబంధన వుంది. అది మరచిపోకండి.

"పద్నాలుగే రాస్తేనే అమ్ముతాను" అని అమ్మేవాడు భీష్మించుకుంటే ఏం చెయ్యాలి? అతనికీ చట్టబద్ధమైన దారులున్నాయని చెప్పి చూడండి. ఇల్లు అమ్మగా వచ్చిన లాభాన్ని నిర్ణీత గడువులో ఇంకో ఇంటి మీద పెడితే పన్ను మినహాయింపు వుంది. ఆడిటరును అడిగితే వివరంగా చెబుతాడు. అప్పటికీ వినకపోతే, ధర దగ్గర అబద్ధమాడమనేవాడు హక్కు దగ్గర నిజమే చెబుతున్నాడని నమ్మకమేమిటో ఒకసారి ఆలోచించుకోండి. చెల్లెలి వాటా దాచినవాడూ, ధర దాచమన్నవాడూ మా మేష్టారి విషయంలో ఒక్కడే మరి.

చివరిగా ఇంటి ఇల్లాళ్ళకు ఒక మాట. ఈ రోజుల్లో చాలా ఇళ్ళు మీ పేరు మీద, లేదా ఇద్దరి పేరు మీదా కొంటున్నారు. రిజిస్ట్రారాఫీసుకు తీసుకువెళ్ళి, "ఇక్కడ సంతకం పెట్టు, ఇక్కడ వేలు పెట్టు" అంటే పెట్టి వచ్చేస్తున్నారు. అలా రాకండి. చిత్తుప్రతి ముందు రోజే తెప్పించుకుని చదవండి. సరిహద్దులు చూసినంత శ్రద్ధగా అక్షరాల ఎంత రాశారో చూడండి. మీ నగల డబ్బూ, మీ చీటీ పాట డబ్బూ అందులో వున్నాయో లేవో మీరే లెక్క చూసుకోండి.

"పుత్ర పౌత్ర పారంపర్యముగా అనుభవించవలెను" అని మన దస్తావేజుల్లో పాతకాలం నుంచీ ఒక వాక్యం రాస్తూ వస్తున్నాం. ఎవరూ చదవకుండా దాటేసే వాక్యం అది. కాని దాని అర్థం పెద్దది. ఆ కాగితం మనకోసం రాయించుకున్నది కాదు, మన తర్వాత విప్పి చదివేవాళ్ళకోసం. పిల్లలు పంచుకునే రోజునో, అమ్ముకునే రోజునో, సర్కారు అడిగే రోజునో దాన్ని బయటికి తీస్తారు. "బయట ఇంకో పన్నెండు ఇచ్చాంరా" అని చెప్పటానికి అప్పుడు మనం పక్కన వుండం. కాగితం ఒక్కటే వుంటుంది, అది తనలో రాసిందే చెబుతుంది.